కోటేశ్వరమ్మ గారి కోల్డ్ స్టోరేజీలో

మొన్న కొచ్చిలో మేం బస చేసిన హోటలు వరండాలో ఒకావిడ కిటికీ అద్దాలు తుడుస్తోంది. డ్యూటీకి బయలుదేరి గది తలుపు తీశానో లేదో, ఆ బకెట్‌లోని నీళ్ళ వాసన ముక్కులోకి సూదిలా దిగింది. అందులో కలిపింది పిసరంత అమ్మోనియానే అయి ఉంటుంది. కానీ నా కళ్ళు చెమర్చాయి, కాళ్ళు ఆగిపోయాయి. గాలి ఎటునుంచి వస్తోందా అని కిటికీ వైపు చూశాను. నాతోపాటు ఆ రోజు విమానం నడపాల్సిన కో-పైలట్ విశాఖపట్నం అమ్మాయి. "ఏమైంది మేడం?" అని అడిగింది. "ఏమీ లేదు. మా అమ్మగారు గుర్తొచ్చారు" అన్నాను. నన్ను కన్న అమ్మ గురించి అంటున్నాననుకుందేమో, జాలిగా చూసి ఊరుకుంది. నేనూ సరిదిద్దలేదు. లిఫ్టు దగ్గర నిలబడి ఒక్కమాటలో చెప్పగలిగే మనిషి కాదు ఆవిడ. అందుకే ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను.

నేను అమ్మగారూ అని పిలిచినావిడ కోటేశ్వరమ్మ గారు. గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్ళే దారిలో ఆవిడకు ఒక కోల్డ్ స్టోరేజీ ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళ రైతులు ధర వచ్చేదాకా మిరపకాయలు దాచుకునేది అక్కడే. దాంట్లో నేను సూపర్వైజరుగా పనిచేశాను. పైలట్ లైసెన్సు చేతిలో పెట్టుకుని పనిచేశాను.

అది ఎలా జరిగిందో ముందు చెప్పాలి. మాది పర్చూరు. నాన్న ఎలిమెంటరీ స్కూలు టీచరు. ఆదివారాలు చర్చిలో వాక్యం చదివేవారు. తొంభైల చివర్లో, నేను హైస్కూల్లో ఉండగా మమ్మల్ని హైదరాబాదు విహారయాత్రకు తీసుకువెళ్ళారు. బేగంపేటలో విమానాశ్రయం గోడ పక్కన బస్సు ఆపి పులిహోర పొట్లాలు పంచారు. అందరూ తింటున్నారు. గోడ అవతలినుంచి ఒక విమానం లేచి మా తలల మీదుగా వెళ్ళింది. పొట్లం చేతిలోనే ఉండిపోయింది. దాని పొట్ట కింద చక్రాలు మడుచుకోవడం కూడా చూశాను. ఇంటికొచ్చి నాన్నతో అదే చెప్పాను. అందరూ నవ్వినా నాన్న నవ్వలేదు. "లెక్కలు వస్తాయి నీకు. భయం కూడా తక్కువే. చూద్దాం" అన్నారు. ఆయన చూద్దాం అన్నారంటే చూస్తారు. ఇంటర్ అయ్యాక కొన్నాళ్ళు ట్యూషన్లు చెప్పుకున్నాను. కొత్త విమాన కంపెనీల పేర్లు పేపర్లో తరచూ కనబడే రోజులొచ్చాయి. పైలట్లు చాలడం లేదని రాసేవారు. నాన్న ఇంటిని బ్యాంకులో పెట్టి నన్ను ఉత్తరాదిలోని ఒక ఫ్లయింగ్ స్కూలుకు పంపారు.

లైసెన్సు తీసుకుని తిరిగొచ్చేసరికి కాలం తిరగబడింది. కంపెనీలు ఉన్న పైలట్లనే ఇళ్ళకు పంపుతున్నాయి. నాలాంటి కొత్తవాళ్ళ దరఖాస్తులకు జవాబు కూడా రాలేదు. పర్చూరు బస్టాండులో దిగితే కిళ్ళీ కొట్టు ముందు కూర్చున్నవాళ్ళు, "ఏమ్మా పైలట్, బస్సులో వచ్చావే?" అని గట్టిగా అడిగేవాళ్ళు. వాళ్ళకు నా మీద కోపమేమీ లేదు, ఊరికే సరదా. ఆ సరదా నన్ను ఇంట్లో కూర్చోబెట్టింది. కొన్ని నెలలు గడిచాక నాన్న పాత శిష్యుడు ఒకాయన, కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాసే ఆయన, అక్కడ ఇంగ్లీషూ యంత్రాల సంగతీ తెలిసిన మనిషి కావాలంటున్నారని కబురు చేశాడు. వెళ్ళాను.

మే నెల. బయట నిప్పులు చెరుగుతోంది. ఆఫీసు గదిలో కోటేశ్వరమ్మ గారు నేత చీర మీద మగవాళ్ళ గోధుమరంగు స్వెట్టర్ వేసుకుని, చేతులు మడిచి కూర్చున్నారు. అప్పుడే ఛాంబర్లలోంచి బయటికి వచ్చారని నాకు తెలియదు. ఆ ఎండలో స్వెట్టరేమిటా అని చూస్తున్నాను. పొట్టి మనిషి, చామనఛాయ, కళ్ళజోడుకు దారం కట్టుకుని మెడలో వేసుకున్నారు.

"ఏం చదివావ్?"

"ఇంటర్ ఎంపీసీ అండి. తర్వాత పైలట్ ట్రైనింగ్ అయ్యాను."

ఆవిడ తల ఎత్తలేదు. "ఏం నడుపుతావ్?"

"చిన్న విమానాలు నడిపానండి. పెద్దవాటికి ఇంకా..."

"నేనడిగేది స్కూటీ సంగతమ్మాయ్. గుంటూర్లో హాస్టల్లో ఉంటావంట గదా, అక్కణ్ణించి రోజూ ఎట్టా వస్తావని."

"బస్సులో వస్తానండి మేడం."

"మేడమూ గీడమూ వద్దు. అందరూ అమ్మగారంటారు, నువ్వూ అట్టాగే అను. ఇంకోమాట. ఇది తక్కువ పని అనుకుని మొహం మాడ్చుకునేట్టయితే ఇప్పుడే వెళ్ళిపో. మాడిన మొహాలు చూసే ఓపిక నాకు లేదు."

మొహం మాడ్చుకోకూడదని ఆ రోజే అనుకున్నాను. కానీ మొదటి రెండు నెలలూ మాడ్చుకునే ఉన్నాను.

ఆ స్వెట్టర్ ఆవిడ భర్తది. కోల్డ్ స్టోరేజీ కట్టింది ఆయనే. కట్టిన కొన్నేళ్ళకే ఆయన పోయారు. పిల్లలు లేరు. అమ్మేసి బ్యాంకులో వేసుకో అని మరుదులంతా చెప్పారట. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన మనిషి, అమ్మేది లేదని కూర్చుని ఆ వ్యాపారం నేర్చుకున్నారు. ఇవన్నీ నాకు ఆవిడ చెప్పలేదు, అక్కడివాళ్ళు చెప్పారు. ఆవిడ తన గురించి మాట్లాడేవారు కారు. మిగతా అన్నిటి గురించీ మాట్లాడేవారు, అదీ రోడ్డు అవతలికి వినపడేట్టు. లారీ డ్రైవర్లను ఒరేయ్ అనేవారు. తడి కాయ తెచ్చిన రైతును అందరిముందూ దులిపి, ఆ వెంటనే, "అన్నం తిన్నావా?" అని అడిగేవారు. వాడని గదిలో బల్బు వెలుగుతుంటే ప్రాణం పోయినట్టు చేసేవారు. ఆవిడంటే అందరికీ భయం ఉండేది. అయినా చాలా ఏళ్ళుగా అక్కడే పనిచేస్తున్నవాళ్ళే ఎక్కువ.

నా పని ఛాంబర్లలో చలి సరిగ్గా ఉందో లేదో చూడటం, వచ్చిన సరుకును చెప్పినచోట వేయించడం. మిరపకాయలు తొక్కి నింపిన గోనె సంచులను మా దగ్గర టిక్కీలంటారు. ముఠా కూలీలు వాటిని వీపుల మీద మోస్తూ మెట్లెక్కుతుంటే లోపలి చలికి వాళ్ళ చెమట ఆవిరై లేచేది. వెనక షెడ్డులో ఆడవాళ్ళు వరసగా కూర్చుని కాయలకు తొడిమలు తీసేవాళ్ళు. చలిని పుట్టించేవి కంప్రెసర్ గదిలోని రెండు పెద్ద యంత్రాలు, వాటిలో తిరిగే అమ్మోనియా గ్యాసు. వాటిని చూసుకునే ఆపరేటర్ సుభాని నెమ్మదైన మనిషి. రెండు యంత్రాల్లో ఒకటే నడిచేది. రెండోది అదనం. దాన్ని కూడా వారానికొకసారి కాసేపు నడిపేవాడు సుభాని. బల్బు దగ్గర అంత గీసి గీసి ఖర్చుపెట్టే ఆవిడ అవసరం లేని యంత్రానికి కరెంటు ఎందుకు దండగ చేయిస్తున్నారో నాకు అర్థం కాలేదు. ఒకరోజు అడిగేశాను.

"అవసరం పడ్డ రోజున తిప్పితే తిరగదు కాబట్టి" అన్నారావిడ. అని, యంత్రం మీదినుంచి చూపు నా మీదికి తిప్పారు. "నీ లైసెన్సు సంగతేంటి? అది తిరుగుతా ఉందా?"

లైసెన్సు బతికి ఉండాలంటే ఏటా వైద్యపరీక్ష చేయించుకోవాలి, మధ్యమధ్యలో కొన్ని గంటలు ఎగరాలి. ఆ గడువు దగ్గరపడింది. తెలిసే వదిలేశాను. "సెలవు అడగడానికి మొహమాటపడ్డానండి" అన్నాను.

"మొహమాటమా? మొన్న జీతం పెంచమని అడిగావ్‌గా, అప్పుడేమైంది మొహమాటం? వెళ్ళు. వెళ్ళి చేయించుకుని రా."

వెళ్ళాను. వైద్యపరీక్ష చేయించుకుని, ఫ్లయింగ్ స్కూలుకు పోయి నాలుగు రోజులు ఎగిరి వచ్చాను. ఆ నెల జీతంలో ఆ రోజులన్నీ కోసే ఇచ్చారు. ఆవిడ దయ అలాగే ఉండేది. దారి చూపించేవారు, బస్సు చార్జీ మాత్రం మనదే. కోపం రావాల్సింది, కానీ రాలేదు. చాలాకాలానికి నన్ను ఒక మనిషి పైలట్‌గా లెక్కలోకి తీసుకున్నారు. జాలిపడకుండా తీసుకున్నారు. దాంతో పోలిస్తే ఆ కోత ఎంత?

మరుసటి ఏడాది సంక్రాంతి వెళ్ళాక ఒక కంపెనీ నుంచి పిలుపు వచ్చింది. ఢిల్లీ వెళ్ళాను. రాతపరీక్ష నెగ్గాను. ఇంటర్వ్యూలో, "ఎందుకు పైలట్ కావాలనుకుంటున్నావు?" అన్నారు. చిన్నప్పటి గోడ, పులిహోర పొట్లం, మడుచుకున్న చక్రాలు, అన్నీ చెప్పాను. తలలూపారు. తర్వాత సిమ్యులేటర్‌లో, అంటే నేలమీదే ఉండి విమానంలా కదిలే యంత్రంలో కూర్చోబెట్టి, ఒక ఇంజను ఆగిపోయినట్టు చేశారు. ఆగిన ఇంజను వెంటపడి మిగతాదంతా వదిలేశాను. సాయంత్రానికి జాబితాలో నా పేరు లేదు. గుంటూరు స్టేషన్‌లో రైలు దిగి నాన్నకు ఫోన్ చేశాను. "ఇంక చాలేమో అమ్మా. డిగ్రీ కట్టు. ఆ తర్వాత టీచర్ ట్రైనింగ్ సంగతి చూద్దాం" అన్నారు. కిళ్ళీ కొట్టు దగ్గర ఎవరేమన్నా తట్టుకున్నాను. చూద్దాం అన్న ఆ మనిషే చాలేమో అనడం మాత్రం తట్టుకోలేకపోయాను.

సంచీతోనే నేరుగా పనికి వెళ్ళాను. కోటేశ్వరమ్మ గారు నా మొహం చూశారు. మధ్యాహ్నం ఆఫీసులోకి పిలిచారు. అప్పటిదాకా ఉన్న మేనేజరు గారు ఆ మధ్యే ఆరోగ్యం బాగాలేక మానేశారు.

"మేనేజరుగా ఉంటావా? వెనక క్వార్టరుంది. మీ నాన్నగారు రిటైరయ్యాక..."

ఆవిడ మాట పూర్తికాకముందే, "ఉంటానండి" అన్నాను. అంటూ ఏడ్చేశాను. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఇక దరఖాస్తులు లేవు, ఎదురుచూపులు లేవు. ఎవరైనా ఏం చేస్తున్నావని అడిగితే ఒక్కముక్కలో చెప్పవచ్చు.

ఆవిడ కళ్ళజోడు తీసి నన్ను చూశారు. "నాకు మేనేజరు కావాలి. నీ మీద జాలిపడి అడగలా. పని వచ్చని అడిగా. కానీ నువ్వు ఇప్పుడు చెప్పిన మాట నాకొద్దు. అలిసిపోయి చెబుతున్నావ్. అలిసిపోయినవాళ్ళు ఏది దగ్గరుంటే దాని మీద కూలబడతారు. సీజన్ అయ్యాక మళ్ళీ అడుగుతా. అప్పుడు చెప్పు, ఉంటావో పోతావో. ఇప్పుడు మొహం కడుక్కుని రెండో ఛాంబర్ చూసిరా."

అప్పుడు ఆవిడ మీద నిజంగా కోపం వచ్చింది. ఒడ్డు అందిందనుకుంటే మళ్ళీ నీళ్ళలోకి తోసినట్టయింది.

సీజన్ ముదిరింది. లారీలు రోడ్డు మీద బారులు తీరాయి. మార్చిలో ఒక మధ్యాహ్నం, అన్నాలు తిని అందరూ పనిలోకి దిగిన కాసేపటికి, కంప్రెసర్ గదిలోంచి కుక్కరు కూతలాంటి చప్పుడు మొదలైంది. కూత ఆగలేదు. తలుపులోంచి తెల్లటి పొగ బయటికి దొర్లింది. ఆ ఘాటుకు గొంతు పట్టేసింది. సుభాని దగ్గుతూ బయటికొచ్చి మాస్కుల కోసం స్టోరు గదికి పరుగెత్తాడు. నేను కుళాయి కింద తువ్వాలు తడిపి మొహానికి చుట్టుకుని ఆ గది వైపు పరుగెత్తాను. ఎక్కడ ఏ వాల్వు ఉందో నాకు తెలుసు. దాన్ని మూసేస్తే అయిపోతుంది. నా బుర్రలో ఇంకేమీ లేదు.

ఎవరో నా రెక్క పట్టుకుని వెనక్కి గుంజారు. కోటేశ్వరమ్మ గారు. అంత బలం ఆ పొట్టి మనిషిలో ఎక్కడుందో!

"ఎక్కడికే?"

"వాల్వు కట్టేద్దామండి!"

"దానికి సుభాని ఉన్నాడు. లోపల ఎంతమందున్నారు? అది చెప్పు!"

నాకు తెలియదు. పొద్దున్న పనిలోకి తీసుకున్నది నేనే, ఏ ఛాంబర్‌లోకి ఎవరిని పంపానో చెప్పాల్సింది నేనే.

"పొగ ఎటు పోతంది చూడు" అన్నారు.

చూశాను. గాలి తూర్పునుంచి వీస్తోంది. పొగ పడమటి వైపు, రోడ్డు మీది పెద్ద గేటు వైపు పాకుతోంది. భయపడ్డ జనం కూడా అటే పరుగెడుతున్నారు. రోజూ వచ్చిపోయే గేటు అదే కదా. ఆవిడ నన్ను అటు తోశారు. "తిప్పు వాళ్ళని!"

పరుగెత్తాను. గేటుకు ముందు చేతులు బారచాపి నిలబడి, "ఇటు కాదు! తూర్పుకి! తూర్పు గోడకి!" అని అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. ఇద్దరు ముగ్గురు నన్ను నెట్టుకుని పోబోయారు. ఒకడి చొక్కా పట్టుకుని ఇటు తిప్పాను. వాడు తిరిగేసరికి వెనకవాళ్ళు తిరిగారు. ముఠా మేస్త్రి కోటయ్య అందుకుని, "ఒరేయ్, తూర్పుకి పదండ్రా!" అని కేకేశాడు. ఆ కేకతో అందరూ మళ్ళారు. లారీ డ్రైవర్లను కూడా దింపి అటు తోలాం.

తూర్పు గోడ దగ్గర కోటేశ్వరమ్మ గారు ఒక ఇటుకల దిబ్బ మీదెక్కి పేర్లు పిలుస్తున్నారు. చేతిలో కాగితం లేదు. ముఠావాళ్ళను, షెడ్డులోని ఆడవాళ్ళను, మెకానిక్కులను వరసగా పిలుస్తున్నారు. పలికినవాళ్ళను పక్కకు జరగమంటున్నారు. మరియమ్మ దగ్గర ఆగిపోయారు. మళ్ళీ పిలిచారు. ఎవరూ పలకలేదు. తలనొప్పిగా ఉందని మూడో ఛాంబర్ వెనక వసారాలో పడుకుందని పక్కన కూర్చునే ఆమె చెప్పి ఏడుపు మొదలుపెట్టింది.

"నేను వెళ్తానండి" అన్నాను.

ఈసారి ఆపలేదు. "ఒక్కదానివే కాదు. కోటయ్యను తీసుకెళ్ళు. గోడ వెంటే వెళ్ళండి, గోడ వెంటే రండి. మధ్యలోకి దిగొద్దు."

మరియమ్మ వసారాలోనే ఉంది. లేచి కూర్చుని, ఎటు పోవాలో తెలియక కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని దగ్గుతోంది. చెరొక చెయ్యీ పట్టుకుని తీసుకొచ్చాం. ఈలోపు సుభాని, అతని సహాయకుడు మాస్కులు పెట్టుకుని వెళ్ళి వాల్వు మూసేశారు. కూత ఆగింది. ఫైరింజన్ వచ్చేసరికి పొగ పలచబడింది. కళ్ళమంటలతో కొందరు, చేతులు కాలి సుభాని ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు.

సాయంత్రం ఎండ తగ్గాక ఆ ఇటుకల దిబ్బ మీదే ఇద్దరం కూర్చున్నాం. ఎవరో మజ్జిగ తెచ్చి ఇచ్చారు. తిడతారని ఎదురుచూశాను, తిట్టలేదు.

"నీకు విమానమంటే ఇష్టమా, అందులో ఎక్కేవాళ్ళంటే ఇష్టమా?" అని అడిగారు.

అది నన్నెవరూ అడగని ప్రశ్న.

"యంత్రం మీద ఇష్టమైతే తప్పేం కాదు. మా ఆయనకూ అదే ఉండేది, కంప్రెసర్‌ను పిల్లకాయని చూసినట్టు చూసేవోడు. నాకు యంత్రాలంటే ఇప్పటికీ చిరాకే. కానీ పొద్దున్నే గేట్లోంచి వచ్చినోళ్ళు వచ్చినట్టే ఇంటికి పోయారా లేదా అని చూసుకోవాలి గదా ఒకరు. అది నా పని అనుకున్నా. మరి నీ పని ఏందో నువ్వు చూసుకో."

ఆ తర్వాత చాలా రోజులు అదే ఆలోచన. చిన్నప్పటినుంచీ నేను కన్న కలలన్నిటినీ ఒక్కొక్కటే తీసి చూసుకున్నాను. అన్నిటిలోనూ నేనున్నాను, విమానముంది, ఆకాశముంది. నా వెనక ఉన్న సీట్లు మాత్రం ఖాళీ. విమానం నడపడం వేరు, వందమందిని కూర్చోబెట్టుకుని నడపడం వేరు అని లైసెన్సు ఇచ్చిన చదువులో ఎవరూ నాకు చెప్పలేదు. ఒకవేళ చెప్పినా వినిపించుకునే ఈడు కాదేమో. రోజూ గుంటూరుకు తిరిగెళ్ళే బస్సులో ఇప్పుడు కిటికీలోంచి బయటికి చూడటం మానేసి లోపలికి చూడటం మొదలుపెట్టాను. నిద్రపోతున్న కూలీలు, ఒళ్ళో పిల్లను వేసుకుని తనూ కునికే తల్లి, టిఫిన్ డబ్బా పట్టుకున్న గుమాస్తా. డ్రైవరు ఎవరో కూడా చూడకుండా ఎక్కి కళ్ళు మూసుకున్నారు. ఇంతమంది నిద్రను నేను మోయగలనా? మోయడం నాకు ఇష్టమేనా? భయం వేసింది. మోయగలను, మోయాలనే ఉంది అనిపించినరోజు కూడా ఆ భయం పోలేదు. కానీ ఆ రెండూ పక్కపక్కన ఉండగలవని తెలిసింది. గోడ పక్కన పొట్లం పట్టుకున్న పిల్ల కోరిక అది కాదు. అదంతా చూసి పెద్దయ్యాక నేను తీసుకున్న నిర్ణయం.

ఆ ఆదివారం పర్చూరు వెళ్ళి నాన్నతో చెప్పాను. చర్చినుంచి నడిచి వస్తున్నాం. "మళ్ళీ ప్రయత్నిస్తాను నాన్నా. ఇది కుదిరేదాకా చేస్తాను" అన్నాను. "ఆ రోజు చాలన్నది నీ గురించి కాదమ్మా. నాకు భయం వేసి అన్నాను" అన్నారు. మా నాన్న తనకు భయం వేసిందని చెప్పగా వినడం అదే మొదటిసారి.

సీజన్ ముగిసింది. కోటేశ్వరమ్మ గారు మాట తప్పలేదు, పిలిచి అడిగారు. మేనేజరుగా ఉండలేనని చెప్పాను. సంతోషిస్తారనుకున్నాను. ఆవిడ మొహం ఎర్రబడింది. "ఏడాదిపాటు పక్కన పెట్టుకుని నేర్పితే ఇదా? మళ్ళీ నేనెవర్ని వెతుక్కోవాలి ఈ వయసులో?" అని గట్టిగా అరిచి లోపలికి వెళ్ళిపోయారు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఏదైనా చెప్పాల్సి వస్తే పక్కన నేనుండగానే ఇంకొకరితో చెప్పించారు. నన్ను ఆపకూడదని ముందే అనుకున్నా, ఉండిపోతే బాగుండునని ఆవిడకు నిజంగానే ఉండేదని అప్పుడు అర్థమైంది. ఉంటానని నేను ఏడుస్తూ అన్న మాట ఆ రోజే తీసుకుని ఉంటే ఆవిడకు మేనేజరు దొరికేది. తన అవసరాన్ని పక్కన పెట్టి వద్దన్నారు. మూడోరోజు ఛాంబర్లోంచి వస్తూ నా బల్ల ముందు ఆగారు.

"ఎన్నాళ్ళు పడుతుంది నీకు?"

"తెలీదండి."

"సరే. అప్పటిదాకా సూపర్వైజరుగానే ఉండు. మేనేజరును వేరే చూసుకుంటా. నీ లైసెన్సు తిప్పడం మానబాక."

ఇంకో సీజన్ గడిచాక మరో కంపెనీ పిలిచింది. ఎందుకు పైలట్ కావాలని అక్కడా అడిగారు. ఈసారి గోడ సంగతి చెప్పలేదు. మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో పనిచేస్తున్నానని, అక్కడ గ్యాసు లీకైనరోజు ఒకావిడ నన్ను అడిగిన ప్రశ్నకు జవాబు లేక నిలబడిపోయానని, అలా మళ్ళీ నిలబడకూడదని చెప్పాను. ఎదురుగా కూర్చున్న పెద్ద కెప్టెన్ అప్పటిదాకా తిప్పుతున్న పెన్ను కిందపెట్టారు. సిమ్యులేటర్‌లో ఇంజను ఆపేసినప్పుడు చేతులు తొందరపడలేదు. ముందు విమానాన్ని నిలకడగా పట్టుకున్నాను. ఆ తర్వాతే ఇంజను సంగతి. జాబితాలో నా పేరు ఉంది.

ఉద్యోగంలో కుదురుకున్నాక కోటేశ్వరమ్మ గారిని చూడటానికి వెళ్ళాను. ఆ స్వెట్టరే, ఆ కుర్చీయే. కాస్త చిక్కిపోయారు. యూనిఫాం వేసుకుని రాలేదేమని అక్కడివాళ్ళు అడిగారు కానీ ఆవిడ అడగలేదు.

"ఎంతమంది ఎక్కుతారు నీ బండిలో?"

"నూట ఎనభైమంది దాకా అండి."

"అందరూ దిగాకే నువ్వు దిగుతావా?"

"అందరూ దిగాకేనండి."

"ఊఁ. సరే, అన్నం తిను" అని లేచారు. ఒకసారి నా విమానం ఎక్కమని ఎన్నిసార్లు బతిమాలానో. "నేనొచ్చి కూర్చుంటే ఇక్కడ ఛాంబర్లు ఎవరు చూస్తారు?" అనేవారు. ఎక్కకుండానే పోయారు. ఆ వార్త తెలిసేసరికి నేను వేరే దేశంలో ఉన్నాను. వచ్చేసరికి అన్నీ అయిపోయాయి. ఇప్పుడా కోల్డ్ స్టోరేజీని ఆవిడ చెల్లెలి కూతురు చూసుకుంటోంది.

నేను కెప్టెన్ అయ్యాక ఒక వానాకాలం గన్నవరంలో దిగాల్సిన విమానాన్ని హైదరాబాదుకు మళ్ళించాను. రన్‌వే మీద వాన కుమ్మరిస్తోంది, గాలి నిమిషానికో దిక్కుకు తిరుగుతోంది. ఇంకాసేపు చుట్టూ తిరిగి మరోసారి ప్రయత్నించవచ్చునేమో. అది నా చేతిలో ఉన్న నిర్ణయం, మళ్ళించాను. హైదరాబాదులో ఆగగానే తలుపు దగ్గర నిలబడ్డాను. ప్రయాణికులు ఒక్కొక్కరే దిగుతూ నన్ను తిడుతున్నారు. మావాళ్ళు తిట్టడం మొదలుపెడితే మెత్తగా తిట్టరు. పట్టుపంచె కట్టుకున్న ఒక పెద్దాయనకు తెనాలిలో మనవరాలి పెళ్ళట, ముహూర్తం దాటిపోతోందట. "ఇంకో పది నిమిషాలు ఆగితే దిగేవాళ్ళం గదమ్మా!" అని నా మొహంమీదే అరిచారు.

"దిగేవాళ్ళమేమోనండి" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, గొణుక్కుంటూ మెట్లు దిగారు. ఆయన వెనక ఇంకా చాలామంది ఉన్నారు. వాళ్ళందరూ దిగేదాకా అక్కడే నిలబడ్డాను.